ఆ వార్తలో నీరటి మనవడు లేడు

సంపాదకులకు నమస్కారం.

పోయిన నెల మీ పత్రిక జిల్లా పేజీలో 'రామప్ప ఖ్యాతిని ప్రపంచానికి చాటిన విద్యార్థులు' అని మా బడి గురించి వార్త వచ్చింది. ఫొటో కూడా వేశారు. పిల్లలు ఆ ముక్క కత్తిరించి నోటీసు బోర్డుకు అంటించారు. ఇంకా ఉంది, చూసి మురుస్తూనే ఉన్నారు. ఆ ఫొటోలో ఎడమ చివర సగం మాత్రమే పడిన చీర నాది. ములుగు జిల్లాలో ఒక ప్రభుత్వ హైస్కూల్లో సోషల్ చెబుతాను. వార్త వేసినందుకు సంతోషమే. కానీ అందులో రాసినట్టు మావాళ్లు ఆ రోజు 'అనర్గళంగా' ఏమీ మాట్లాడలేదు. మొదటి పావుగంట నెట్ రాలేదు. తర్వాత పావుగంట మా నోట మాట రాలేదు. జరిగింది జరిగినట్టు చెబితే మీ పాఠకులకు ఇంకా బాగుంటుందని ఈ ఉత్తరం.

కార్యక్రమం ఏమిటంటే, దేశాల మధ్య బడులను జత కలుపుతారు. ఒక్కో బడి తమ దగ్గరున్న ప్రపంచ వారసత్వ స్థలం గురించి అవతలి పిల్లలకు వీడియోలో చెప్పాలి, వాళ్లడిగే ప్రశ్నలకు జవాబు చెప్పాలి. మాకు జతగా ఫిలిప్పీన్స్‌లో ఇఫుగావో అనే కొండ ప్రాంతంలోని ఒక హైస్కూలు వచ్చింది. మనకంటే రెండున్నర గంటలు ముందుంటారు. మాకు పదిన్నర అంటే వాళ్లకు మధ్యాహ్నం ఒంటిగంట, అన్నాలు తిని కూర్చుంటారు. మావాళ్లు మాత్రం పొద్దున ఎనిమిదింటికే తల దువ్వుకుని, పౌడర్ రాసుకుని వచ్చేశారు. తొమ్మిదో తరగతి, మొత్తం ముప్పై ఒక్కమంది.

క్లాసులో డిజిటల్ బోర్డు ఉంది గానీ నెట్ అందదు. నా ఫోన్ హాట్‌స్పాట్ పెట్టాం. ఫోన్ బల్ల మీద ఉంటే సిగ్నల్ లేదు, కిటికీ ఊచల మధ్య ఇరికిస్తే ఉంది. కిటికీ అవతల కోతులు. కాబట్టి ఒక పిల్లవాడిని కర్ర ఇచ్చి బయట నిలబెట్టాను. ప్రపంచంతో మా బడి సంబంధం ఆ గంటన్నర సేపు ఆ కర్ర మీదే నిలిచింది. వార్తలో 'అత్యాధునిక సాంకేతికత సాయంతో' అని రాశారు.

వారం రోజులు తయారు చేయించాను. చార్టు మీద పాయింట్లు: రామప్ప గుడి కట్టింది కాకతీయ గణపతిదేవుడి సేనాని రేచర్ల రుద్రుడు. శాసనం 1213 నాటిది. ఇసుక నింపిన పునాది. నీళ్లలో తేలే ఇటుకలతో శిఖరం. 2021 జులై 25న యునెస్కో జాబితాలో చేరింది. మన దేశం నుంచి 39వది, తెలంగాణ నుంచి మొదటిది. మా క్లాసు ఫస్టు వచ్చే అమ్మాయి ఇదంతా ఇంగ్లీషులో బట్టీ పట్టి, చేతులు వెనక్కి కట్టుకుని, ఊపిరి తీసుకోకుండా ఒప్పజెప్పేసింది. బాగానే చెప్పింది. అవతల చప్పట్లు కొట్టారు.

అప్పుడు వాళ్లలో ఒక అమ్మాయి అడిగింది: "ఆ తేలే ఇటుకను నువ్వు ఎప్పుడైనా పట్టుకున్నావా?"

మా అమ్మాయి నా వైపు చూసింది. ఆ ప్రశ్న చార్టులో లేదు.

"ఎందుకు తేలుతుంది?" అని ఇంకో ప్రశ్న. వెనక నుంచి ఒకడు "దేవుని మహిమ మేడం" అన్నాడు. ఇటుకలో సన్న సన్న గాలి గదులు ఉంటాయనీ, అందుకే బరువు తక్కువనీ నేనే అందుకోవాల్సి వచ్చింది. చార్టు రాయించేటప్పుడు ఆ సంగతి చెప్పాలని నాకు కూడా తట్టలేదు. 'తేలే ఇటుకలు' అంటే ఒక మార్కు. ఎందుకు తేలతాయి అన్నదానికి మార్కు లేదు.

"గుడి మీ బడికి ఎంత దూరం?" పద్దెనిమిది కిలోమీటర్లు. "చివరిసారి ఎప్పుడు వెళ్లారు?" నేను చేతులెత్తమన్నాను. ముప్పై ఒక్కమందిలో పన్నెండు మంది అసలు వెళ్లనేలేదు. వెళ్లినవాళ్లలో ఎక్కువమంది శివరాత్రికి, లేదంటే చిన్నప్పుడు ఎవరివో పుట్టు వెంట్రుకలకు. ఏం చూశావురా అంటే, జనాన్ని చూశాను మేడం అన్నాడొకడు. నిజాయితీగానే చెప్పాడు.

ఆ తర్వాత వచ్చిందే అసలు ప్రశ్న. "ఇప్పుడు దాన్ని ఎవరు చూసుకుంటారు? అందులో మీ పని ఏమిటి?"

"గవర్నమెంటు చూసుకుంటది" అన్నాడు మా లీడరు. రెండో సగానికి ఎవరి దగ్గరా జవాబు లేదు. నా దగ్గరా లేదు. నెట్ పోయిందనుకుని అవతలి టీచరు "హలో, హలో" అంటున్నారు.

వాళ్లు అలా ఎందుకడిగారో వాళ్ల వంతు వచ్చాక అర్థమైంది. వాళ్ల వారసత్వ స్థలం గుడి కాదు, కోట కాదు. వరి పొలం. కార్డిల్యెరా కొండలను మెట్లు మెట్లుగా తొలిచి, రాతి గోడలతో, మట్టి గోడలతో నిలబెట్టిన మడులు. కింద లోయ నుంచి పైన దాదాపు శిఖరం దాకా. బటాడ్ అనే ఊళ్లోవైతే సగం గుండ్రంగా, స్టేడియం మెట్లలా ఉన్నాయి. 1995లో యునెస్కో జాబితాలో చేర్చారు. రెండు వేల ఏళ్ల నాటివని చాలాకాలం చెప్పుకున్నారట. తవ్వి చూసిన కొందరు పరిశోధకులు నాలుగు వందల ఏళ్లే అంటున్నారట. ఆ లెక్క మీద ఆ పిల్లలకు పెద్ద పట్టింపు ఉన్నట్టు కనబడలేదు. పోయిన తుఫానుకు ఎవరి గోడ కూలింది, ఎంతమంది కలిసి రాళ్లు మోసి మళ్లీ పేర్చారు, ఇదీ వాళ్ల మాట. ఒక పిల్లవాడు అరచేతులు కెమెరాకు చూపించాడు, కాయలు కాసి ఉన్నాయి.

ఇక్కడ మా క్లాసు లేచింది సార్. అప్పటిదాకా తలొంచుకుని కూర్చున్న వెనక రెండు బెంచీలు ముందుకొచ్చేశాయి. వరి గురించి మావాళ్లకు ఎవరూ చార్టు రాసివ్వక్కర్లేదు కదా.

"ట్రాక్టర్ ఎట్ల ఎక్కుతది?" ఎక్కదు, చాలావరకు చేతి పనే. "నీళ్లు ఎక్కడియి?" కొండ నెత్తిన ప్రతి కుటుంబం కొంత అడవిని కాపాడుకుంటుందట. దాన్ని ముయోంగ్ అంటారట. వాన నీళ్లను ఆ అడవి పట్టి ఉంచి, ఊటగా వదులుతుంది. ఆ నీళ్లు పై మడి నిండి కింది మడికి, అది నిండి ఇంకా కిందికి. అడవి పోతే పొలం పోయినట్టే. "ఎన్ని పంటలు?" వాళ్ల పాత వరి రకాన్ని తినావన్ అంటారు, ఏడాదికొక్కసారి పండేది అని అర్థం. "ఒక్కటే పంటనా!" అని మావాళ్లు జాలిపడ్డారు. అవతలివాళ్లకు ఆ జాలి ఎందుకో అర్థం కాలేదు.

గట్లకు వానపాములు పెద్ద బెడద అని వాళ్లు చెప్పినప్పుడు మాత్రం క్లాసంతా గోల. లావు లావు వానపాములు మట్టిని తొలిచేసి, నీళ్లు కారిపోయి గోడలు కూలుతున్నాయట. "వానపాము రైతు మిత్రుడు అని సైన్స్ బుక్కుల ఉంది కదా మేడం!" అని ఒకమ్మాయి నన్ను నిలదీసింది. ఇంకొకడు లేచి, మా ఒరాలకు (గట్లకు) ఎండ్రికాయలు (పీతలు) బొక్కలు పెడతయి అని చెప్పమన్నాడు. ఎండ్రికాయకు ఇంగ్లీషు చెప్పాను గానీ ఒరం చెక్కుడు అంటే ఏమిటో చెప్పడానికి వాడే నేల మీద కూర్చుని పారతో చెక్కినట్టు చేసి చూపించాడు. అవతల నలుగురైదుగురు ఒక్కసారే తలలూపారు. ఆ పని వాళ్లకూ ఉంది.

మధ్యలో వాళ్లొకరు జేబులోంచి ఇరవై పెసోల నోటు తీసి కెమెరా ముందు పెట్టారు. వెనకవైపు బనావే మడులు. ఈ నోటు మీదున్నవి మా ఊళ్ల పక్కవే, కానీ అవి యునెస్కో జాబితాలో లేవు, జాబితాలో ఉన్నవి వేరే, అని నవ్వారు. అంతే, మావాళ్లు జేబులు తడుముకున్నారు. పది రూపాయల నోటు దొరికింది. వెనక కోణార్క్ చక్రం. ఇరవై మీద ఎల్లోరా. యాభై మీద హంపి రాతి రథం. వంద మీద గుజరాత్‌లోని రాణీ కీ వావ్ మెట్ల బావి. రెండు వందల నోటు, ఐదు వందల నోటు నా పర్సులోంచి తీయాల్సి వచ్చింది. సాంచి స్తూపం, ఎర్రకోట. ఆరుకు ఆరూ ప్రపంచ వారసత్వ జాబితాలో ఉన్నవే. పదేళ్లుగా సోషల్ చెబుతున్నాను, ఈ నోట్లతోనే కూరగాయలు కొంటున్నాను. ఒక్కసారి వరసగా బల్ల మీద పేర్చి చూపిస్తే పాఠం అయిపోయేదని నాకు తట్టలేదు.

ఇప్పుడు మీ వార్తలో లేని పిల్లవాడి గురించి చెప్పాలి.

వాడు మూడో బెంచీ. చదువు అంతంత మాత్రం, హాజరు ఇంకా తక్కువ. వాళ్ల అమ్మమ్మ వాళ్ల పొలం రామప్ప చెరువు కింద ఉంది. అవతలివాళ్లు నీళ్ల పంపకం గురించి చెబుతుంటే, మీ దగ్గర ఎవరి మడికి ముందు నీళ్లు అన్నదాని మీద గొడవలు రావా అని అడిగారు. వాడు లేచి నిలబడి, "మా తాత నీరటి మేడం" అన్నాడు. ఆ తర్వాత ఆగలేదు. తూము తెరిచేది ఎవరు, మూసేది ఎవరు, చివరి మడి దాకా నీళ్లు అందాయో లేదో రాత్రిపూట లాంతరు పట్టుకుని కాలువ వెంట నడిచి చూసేది ఎవరు, పంట వచ్చాక కల్లం దగ్గర ఒక్కో రైతు ఇన్ని వడ్లని కొలిచిచ్చేది ఎవరికి, అంతా చెప్పాడు. చెరువు నిండి మత్తడి దుంకితే (అలుగు పారితే) ఊరంతా వెళ్లి ఎలా చూస్తారో చెప్పాడు. మొత్తం తెలుగులోనే. నేను వెనకాలే పరుగెత్తుతూ ఇంగ్లీషు చేశాను. నీరటికి ఇంగ్లీషు మాట నాకు దొరకలేదు, 'నీళ్లు పంచే మనిషి' అన్నాను.

ఆ చెరువూ గుడి నాటిదే, ఎనిమిది వందల ఏళ్లది, గుడి కట్టించిన రేచర్ల రుద్రుడి కాలం నాటిదే అని నేను చేర్చాను. కాకతీయులు గుడి కట్టిన చోట చెరువు తవ్వించారు, చెరువు కింద ఊరు నిలబెట్టారు. నేను ఎన్నిసార్లు చెప్పిన పాఠమో అది. అవతలి టీచరు తమ పిల్లలకు ఏదో చెప్పి, మా వైపు తిరిగి అన్నారు: మొదట్లో అడిగిన ప్రశ్నకు ఇదే కదా జవాబు.

గుడిని ఎవరు చూసుకుంటారు, మీ పని ఏమిటి అని అడిగితే మేము శిఖరం వైపు చూశాం. వాడు కాలువ వైపు చూశాడు.

చివర్లో వాళ్ల అమ్మాయిలు హుద్‌హుద్ అని ఒక పాట పాడారు. వరి కోతలప్పుడు, శవజాగారాలప్పుడు ఆడవాళ్లు పాడుకునేది. ఒక పెద్దామె మొదలుపెడితే మిగతావాళ్లు అందుకుంటారు. అది కూడా యునెస్కో గుర్తింపు పొందినదే. మా అమ్మాయిలు ఊరుకుంటారా, నాట్లు వేసేటప్పుడు వాళ్ల అమ్మలు పాడే పాట అందుకున్నారు. రెండో చరణంలో కోతి కిటికీ ఎక్కింది, కాల్ కట్టయింది. కార్యక్రమం అలా ముగిసింది. 'వందన సమర్పణతో' కాదు.

మర్నాడు క్లాసులో ఇంకో మాట వచ్చింది. ఈ జాబితాలో ఒకసారి ఎక్కితే ఇక శాశ్వతమేనా అని అడిగారు. కాదని చెప్పాను. ఆ వరి మడులనే 2001లో 'ప్రమాదంలో ఉన్నవి' అనే జాబితాలో పెట్టారు. చదువుకున్న పిల్లలు పట్నాలకు పోతుంటే మడులు బీడు పడి, గోడలు కూలాయి. మళ్లీ బాగుచేసుకున్నాక 2012లో ఆ జాబితాలోంచి తీశారు. ఇంగ్లండ్‌లో లివర్‌పూల్ రేవుకైతే ఉన్న గుర్తింపే పోయింది, చుట్టూ కొత్త కట్టడాలు లేచి పాత రూపం చెడిందని. తీసేసింది 2021 జులై 21న. రామప్ప ఎక్కింది అదే సమావేశంలో, నాలుగు రోజుల తర్వాత. "అంటే వాళ్ల సీటు మనకొచ్చిందా మేడం?" అన్నాడొకడు. కాదురా అని నవ్వాను గానీ, రామప్ప ఏ సంవత్సరం ఎక్కిందో ఇక వాడు మర్చిపోడు.

ఇక నా ఫిర్యాదు ఒకటి ఉంది. ఈ కార్యక్రమానికి రెండు వారాల ముందే పిల్లలను ఒకసారి రామప్పకు తీసుకెళ్లడానికి అనుమతి అడిగాను. తల్లిదండ్రుల సంతకాలు, వాహనం కాగితాలు, పోయిన గంటలకు బదులు క్లాసులు ఎప్పుడు తీసుకుంటారో రాతపూర్వకంగా హామీ, అన్నీ పెట్టాను. పైనుంచి వచ్చిన జవాబు: "ఎలాగూ ఆన్‌లైన్ ప్రోగ్రామే కదమ్మా, ఆన్‌లైన్‌లోనే చూపించెయ్యండి." పద్దెనిమిది కిలోమీటర్ల దూరంలో ఉన్న గుడిని మా పిల్లల్లో పన్నెండు మంది మొదటిసారి యూట్యూబ్‌లో చూశారు. ఆ మాట అన్నాయన చెడ్డవారేమీ కాదు. దారిలో ఏదైనా జరిగితే ఎవరు జవాబు చెప్పాలన్న టెన్షన్ ఆయనది. అది నాకూ ఉంది. కానీ ఏడాదికి ఒక్క రోజు, దగ్గర్లో ఉన్న ఒక్క కట్టడానికి, ఆర్టీసీ బస్సులో, బడి పనిదినంగానే లెక్కగట్టి వెళ్లేలా ఒక ఉత్తర్వు ఉంటే ఈ టెన్షన్ ఎవరికీ ఉండదు. పెద్దగా ఖర్చు కూడా కాదు. మీ పత్రిక రాస్తే కదులుతుందని ఆశ.

చివరికి కార్యక్రమం అయ్యాక రెండో ఆదివారం మేమే వెళ్లాం. రెండు టాటా మ్యాజిక్‌లు మాట్లాడుకున్నాం, తలా కొంత వేసుకున్నాం, మిగిలింది నేనూ మా లెక్కల సారూ పెట్టుకున్నాం. ఇరవై ఆరుమంది వచ్చారు. గుడి మండపంలోకి అడుగుపెట్టగానే కాళ్లకు తెలిసిపోయింది, నేల సమంగా లేదు. అలలా ఎగుడుదిగుడుగా ఉంది. పునాది కింద ఇసుక ఉంది, నేల కదిలినా పైన గుడి నిలబడింది అని చార్టులో రాసుకున్నదాన్ని ఇప్పుడు అరికాళ్లతో చదివారు. ఒకడు పడుకుని చెంప ఆనించి చూశాడు, వంపు ఎంతుందో. గైడు ఒక శిల్పంలో సన్నటి రంధ్రంలోంచి దారం దూర్చి చూపిస్తే, ఆ రాయిని దేంతో తొలిచారని అరగంట వాదన. చూరు కింద నల్లరాతి మదనికల శిల్పాల్లో ఒకామె కాళ్లకు ఎత్తు మడమల చెప్పులున్నాయి. అది కనిపెట్టింది మా ఫస్టు వచ్చే అమ్మాయే. ఈసారి ఎవరికీ ఒప్పజెప్పలేదు, కేక పెట్టింది.

అక్కడి నుంచి చెరువు కట్ట మీదకు పోయాం. కట్ట ఎక్కాక నా పాత్ర అయిపోయింది. ఆ మూడో బెంచీ పిల్లవాడు ముందు నడిచాడు, మేమంతా వెనకాల. తూము దగ్గర ఆగి, ఏ కాలువ ఎటు పోతుందో, ఏ ఊరి పొలం ముందు తడుస్తుందో వేలితో గీసి చూపించాడు. గోదావరి నీళ్లు ఇప్పుడు దేవాదుల పథకం నుంచి ఈ చెరువులోకి వస్తాయని కూడా వాడే చెప్పాడు. లెక్కల సారు నోట్స్ రాసుకున్నారు.

ఫొటోలో ముందు వరసలో నిలబడ్డ పిల్లలు మంచివాళ్లే, వాళ్ల మీద నాకే కోపమూ లేదు. ఆ రోజు వచ్చిన మీ విలేకరి తప్పు కూడా కాదు. ఆయన వచ్చేసరికి కాల్ కట్టయిపోయింది, చార్టు మాత్రమే గోడ మీద మిగిలింది. చార్టులో ఉన్నదే రాశారు. వీలైతే ఆ నీరటి మనవడి మాట ఒకటి జిల్లా పేజీలో ఏ మూలనైనా వేయండి. పేరు అక్కర్లేదు, వాడు వద్దన్నాడు. వాళ్ల తాత చదివించుకుని వింటాడట, అంతే.

ఇఫుగావో టీచరు మొన్న మెసేజ్ పెట్టారు. వచ్చే వానాకాలం చెరువు మత్తడి దుంకేటప్పుడు తమ పిల్లలకు లైవ్‌లో చూపించగలరా అని. కట్ట మీద సిగ్నల్ ఉంటుందో లేదో చూసిరమ్మని నా ఫోన్ ఇచ్చి వాడినే పంపాను. మత్తడి దగ్గర ఒక గీత, తూము దగ్గర రెండు గీతలు వస్తున్నాయని వచ్చి చెప్పాడు.

- ఒక సోషల్ టీచర్, ములుగు జిల్లా
(పేరు, బడి పేరు ప్రచురించవద్దని మనవి)